ముందు అమ్మను అడగండి

అందరికీ నమస్కారం.

క్యాన్సరేనని బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు రాగానే కొడుకో కూతురో ముందుగా డాక్టరు గదిలోకి వచ్చి, "అమ్మకు మాత్రం చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేదు" అంటారు. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఆపరేషన్ చేయాలా, కీమో ఎక్కించాలా, కరెంటు (రేడియేషన్) పెట్టించాలా అన్నది ఆమె లేనిచోట తేలిపోతుంది. వాంతులూ నీరసమూ భరించాల్సింది ఆమె. ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో ముందు ఆమెనే అడగండి. "అన్నీ నువ్వే చూసుకో నాయనా" అంటే, అదీ ఆమె నిర్ణయమే.

ఇక వయసు. డెబ్బై దాటాక వైద్యమెందుకని వదిలేసేవాళ్లున్నారు. ఏమైనా సరే అన్నీ చేయించాల్సిందేనని విదేశాల నుంచి ఫోన్లో పట్టుబట్టే పిల్లలూ ఉన్నారు. ఆధార్ కార్డులో వయసొక్కటే చూస్తే చాలదు. తనంతట తాను స్నానం చేయగలుగుతున్నారా, ఈమధ్య ఎక్కడైనా పడ్డారా, బరువు తగ్గారా, గుండె, కిడ్నీలు ఎలా ఉన్నాయి, జ్ఞాపకం ఎలా ఉంది? కీమోకు తట్టుకుంటారో లేదో అంచనా వేయడానికి మా డాక్టర్లకు ఇవి కావాలి.

తక్కువ వైద్యంతో సరిపోయే సందర్భాలూ ఉంటాయి. తొలిదశ, హార్మోన్ పాజిటివ్ (ఒంట్లోని హార్మోన్ల ఊతంతో పెరిగే) రొమ్ము క్యాన్సర్ ఉన్న డెబ్బై ఏళ్లూ ఆపైబడిన స్త్రీల మీద అమెరికాలో ఒక పరిశోధన చేశారు. అందరికీ గడ్డ తీసి, ఆ హార్మోన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్రలు ఇచ్చారు. కొందరికి రేడియేషన్ కూడా ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. 2013లో పదేళ్ల ఫలితాలు వచ్చాయి. రేడియేషన్ తీసుకోనివాళ్లలో నూటికి సుమారు 10 మందికి ఆ రొమ్ములోనో చంకలోనో జబ్బు తిరగబెట్టింది, తీసుకున్నవాళ్లలో 2 శాతానికి. ఆయుష్షులో మాత్రం తేడా కనిపించలేదు.

ఇలాంటి జబ్బే ఉన్న ఒకావిడ, "మళ్లీ వస్తుందన్న బెంగతో ఉండలేను, కరెంటు పెట్టించండి" అనొచ్చు. ఇంకొకావిడ, "వారాల తరబడి ఊరొదిలి హైదరాబాదులో గది తీసుకుని ఉండలేనమ్మా" అనొచ్చు. ఇద్దరూ సరిగ్గానే చెప్పినట్టు. ఆ జవాబు ఏ స్కానింగులోనూ దొరకదు.

జబ్బు ముదిరినప్పుడు నొప్పి, ఆయాసం తగ్గించే పాలియేటివ్ కేర్ మాట ఎత్తితే చాలామంది బెదిరిపోతారు. డాక్టర్లు చేతులెత్తేశారనుకుంటారు. కాదండీ. దాన్ని కీమోతో పాటే మొదలుపెట్టవచ్చు, ఆలస్యం చేయకపోవడమే మంచిది.

ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు ఇంట్లో వాడే మందులన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, సంచిలో వేసుకు రండి. ఈ వైద్యం జబ్బు నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా అని అడగండి. చేయించకపోతే ఏమవుతుందో కూడా అడగండి. అడిగేటప్పుడు అమ్మను బయట బెంచీ మీద కూర్చోబెట్టి రాకండి.