తాడ్వాయిలో ఒక రాత్రి

శ్రోతలకు నమస్కారం.

వరంగల్ నుంచి ఏటూరునాగారం వెళ్లే 163వ జాతీయ రహదారి మీద, పస్రా దాటాక అడవి మధ్యలో తాడ్వాయి వస్తుంది. యాత్రికులు పొద్దున రామప్పను, మధ్యాహ్నం లక్నవరం వేలాడే వంతెనను చూసుకొని, చీకటి పడేలోగా బొగత జలపాతాన్ని కూడా ముగించాలన్న తొందరలో ఈ ఊరిని కారు అద్దంలోంచే చూసి సాగిపోతారు. 1213 నాటి రామప్ప గుడికి ఒక పూట ఏ మూలకూ చాలదని నా అభిప్రాయం. అది వేరే సంగతి.

గడిచిన చలికాలంలో మేము ఆ పరుగు మానుకొని, బస్సు దిగి, రాత్రికి తాడ్వాయిలోనే ఉండిపోయాము. రెండేళ్లకొకసారి వచ్చే మేడారం జాతర రోజుల్లో ఇదే దారి లక్షలాది భక్తులతో, వారు మొక్కుగా తెచ్చే నిలువెత్తు బంగారంతో కిక్కిరిసి ఉంటుంది; అక్కడ బంగారమంటే బెల్లమే. ఆ రాత్రి మాత్రం అప్పుడొకటి ఇప్పుడొకటి పోయే లారీ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

తెల్లవారి ఆటోలో దామరవాయి చేరి, దారి తెలిసిన ఒక పెద్దాయనను వెంటబెట్టుకొని గుట్ట ఎక్కాము. "అడుగు సూసుకొని వెయ్యుండ్రి సారూ, ఎండుటాకు కింద ఏమున్నదో కానరాదు" అంటూ ఆయన కర్రతో ఆకులను పక్కకు తోస్తూ ముందు నడిచాడు. పైన ఉన్నవి బృహత్ శిలాయుగం నాటి సమాధులు; జనం వాటిని రాక్షస గుళ్లంటారు. చుట్టూ రాతి పలకలు నిలబెట్టి, వాటి మీద అంతకంటే పెద్ద బండను కప్పుగా వేశారు. ఇసుకరాయి పొరలుగా విడుతుంది గనుక పలకలు దొరకడం అర్థమవుతుంది. ఆ కప్పుబండను ఎలా ఎత్తారన్నది మాత్రం ఎంతసేపు మాట్లాడుకున్నా మాకు తెగలేదు. వంగి లోపలికి తొంగిచూస్తే చల్లటి మట్టివాసన, ఎవరో పశువుల కాపరి వదిలిన బీడీ ముక్క కనిపించాయి. పలక అంచున చెయ్యి ఆనిస్తే ఇసుక అరచేతికి అంటింది.

తిరుగుదారిలో ఆయన 2024 ఆగస్టు 31 నాటి పెనుగాలి మాట ఎత్తాడు. తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేలాది చెట్లు ఆనాడు వేళ్లతో సహా ఒరిగిపోయాయి.

ఇది అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి తీసుకొని, స్థానికుల తోడుతోనే నడవాలి. వానాకాలంలో వాగులు అడ్డుపడతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడక హాయిగా ఉంటుంది. ఎండకు ఓర్చుకోగలిగినవారు ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామునే వెళ్లవచ్చు.

గుట్ట దిగాక పెద్దాయన తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటూ, "అవుతల ఇంకో దిక్కు సూడలే గద, రేపు పొద్దుగాల పోదమా సారూ?" అని అడిగాడు. మేము మా తిరుగు ప్రయాణాన్ని మరునాటికి మార్చుకున్నాము.