ఆ రంపం తనదేనని చెప్పడం ఎలా?

సభకు నమస్కారం.

19వ శతాబ్దపు ఇంగ్లాండు పల్లెలో ఒక వడ్రంగి రంపం పోయిందనుకోండి. కోర్టు లెక్కలో అది నాలుగైదు షిల్లింగుల దొంగతనం. అతనికి మాత్రం మర్నాటి పనే పోయింది, ఎందుకంటే వడ్రంగి పనిముట్లు వడ్రంగే కొనుక్కోవాలి. 1850-51లో జిల్లాలు తిరిగి చూసిన వ్యవసాయ రచయిత జేమ్స్ కేర్డ్ లెక్క ప్రకారం దక్షిణాదిన పొలం కూలీకి వారానికి దొరికేది సగటున 8 షిల్లింగుల 5 పెన్నీలు (12 పెన్నీలు ఒక షిల్లింగు). వడ్రంగికి అంతకన్నా ఎక్కువే వచ్చేది. అయినా కొత్త రంపం కొనడమంటే తిండి ఖర్చులో కోత పెట్టుకోవడమే.

సగం కట్టిన ధాన్యపు కొట్టంలో పనిముట్ల సంచీ వదిలి వెళ్లడం మామూలే. అంత బరువు మోసుకుని రోజూ మైళ్లు నడవలేరు కదా. దొంగకు దొరికే అదను అదే.

అసలు చిక్కు సామాను దొరికాక మొదలవుతుంది. అది తనదేనని ప్రమాణం చేసి చెప్పాలి, గుర్తులు చూపాలి. చిత్రిక పట్టే దిమ్మను బీచ్ అనే చెట్టు కర్రతో చేసేవారు. దాని ముందు కొసన యజమాని ఇనప ముద్ర పెట్టి, సుత్తితో కొట్టి పేరు దించేవాడు. అయితే పాత దిమ్మ చేతులు మారినప్పుడు పాత పేరు చెరపకుండా పక్కనే కొత్త పేరు కొట్టేవారు. ఒకే దిమ్మ మీద మూడేసి పేర్లుంటాయి. అప్పుడు పేరొక్కటే చాలదు. విరిగిన పన్ను, తాను మార్చిన పిడి, సానలో అరిగిన వంపు, ఇలాంటివే నిలబడే సాక్ష్యం. పార, గొడ్డలి లాంటి వాటికి పిడి మార్చేస్తే సగం గుర్తులు పోతాయి.

కేసు నడపాల్సింది కూడా పోగొట్టుకున్నవాడే. విచారణకు వస్తానని మేజిస్ట్రేటు ముందు పూచీ రాసివ్వాలి, రాకపోతే ఆ సొమ్ము కట్టాలి. జిల్లా సెషన్సు ఏడాదికి నాలుగుసార్లే. అప్పటిదాకా దొరికిన రంపం సాక్ష్యంగా ఉండిపోయేది. రంపం దొరికినా పనికి దక్కేది కాదు. నాకు అన్నిటికన్నా అన్యాయమనిపించేది ఇదే.

1827 దాకా 12 పెన్నీల గీత ఒకటుండేది. సరుకు విలువ అంతకు మించకపోతే చిన్న దొంగతనం, శిక్ష తేలిక. అందుకే జాలిపడ్డ జ్యూరీలు విలువ తగ్గించి 10 పెన్నీలని తేల్చేవి. ఆ ఏడాది చట్టం ఆ గీత చెరిపేసింది. 1855 చట్టంతో, 5 షిల్లింగులకు మించని దొంగతనాన్ని, అలా విచారించడానికి నిందితుడు సమ్మతిస్తే, జ్యూరీ లేకుండా స్థానిక మేజిస్ట్రేట్లే విచారించి, గరిష్ఠంగా మూడు నెలల జైలు వేయగలిగారు. నెలల తరబడి ఎదురుచూపులు తప్పాయి.

ఇక కాలం సంగతి. పోయిన వస్తువు కొద్ది రోజుల్లోనే ఒకరి దగ్గర దొరికి, అతను సరైన జవాబు చెప్పలేకపోతే, దొంగ అతనేనని జ్యూరీ అనుకోవచ్చు. 1829 నాటి ఆడమ్స్ కేసులో పోయినవి గొడ్డలి, రంపం, గుద్దలి. మూడు నెలల తర్వాత నిందితుడి దగ్గర దొరికాయి. వేరే సాక్ష్యం లేదు. జడ్జి పార్క్ అతన్ని వదిలేయమన్నారు. మూడు నెలల్లో అలాంటి సామాను ఎన్ని చేతులైనా మారి ఉండొచ్చు. పనివాడు తాకట్టు కొట్లూ పాత ఇనప కొట్లూ వెతకాల్సింది ఆ వారంలోనే, అదీ పని మానుకుని.