పండగ పూట ఆలుగడ్డను మిక్సీలో వేయకండి

(రెండు గిన్నెలు పక్కపక్కన. ఎడమ గిన్నెలో గరిటె ఎత్తితే ముద్ద తీగలా సాగాలి. కుడి గిన్నెలో మెత్తగా విడిపోవాలి.)

ఈ రెండు గిన్నెల్లో ఉన్నవి ఒకే సంచిలోంచి తీసిన ఆలుగడ్డలు. అదే వెన్న, అవే పాలు, అదే ఉప్పు. ఎడమది మిక్సీలో తిప్పాను. కుడిది చేత్తో మెదిపాను. తేడా అంతే.

"మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే అయిపోదా, అంత కష్టమెందుకు?" అని ప్రతి పండక్కీ ఎవరో ఒకరు అంటారు. పోయిన క్రిస్మస్‌కు హన్మకొండలో అత్తమ్మ వాళ్లింట్లో అదే జరిగింది. ఇరవై మందికి పైగా భోజనం. బగారా అన్నం, కోడికూర, పక్కన మెదిపిన ఆలుగడ్డ. కూరలో కారం ఎక్కువని చిన్నపిల్లలకూ, పండ్లు లేని మా బాపమ్మకూ ఆ గిన్నే దిక్కు. వదిన మంచి మనసుతోనే, మెత్తగా ఉండాలని మిక్సీకి వేసింది. బాపమ్మ ఒక్క ముద్ద తిని, "గొంతుకు అతుక్కుంటోంది బిడ్డా" అని పళ్లెం పక్కకు పెట్టింది. నాకు అప్పటినుంచి మనసులో ఉంది, దీని గురించి సరిగ్గా చెప్పాలని.

మీరు ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే లారీ చూసే ఉంటారు. బస్తా మీద బస్తా, కదలకుండా తాళ్లతో బిగించి కట్టి ఉంటాయి. ఆలుగడ్డ లోపల కూడా అంతే. కంటికి కనిపించనంత చిన్న బస్తాలు లక్షల్లో ఉంటాయి. వాటినే కణాలంటాం. ప్రతి బస్తాలో బియ్యం గింజల్లా పిండి రేణువులు. ఒక బస్తాను ఇంకో బస్తాకు పట్టి ఉంచే తాడు పేరు పెక్టిన్.

ఉడికించేటప్పుడు రెండు పనులు జరుగుతాయి. నీళ్లు 60, 70 డిగ్రీల వేడికి వచ్చేసరికి బస్తాల్లోని బియ్యం నీళ్లు పీల్చుకుని అన్నంలా ఉబ్బుతుంది. వేడి 80 దాటాక తాళ్లు వదులవడం మొదలవుతుంది. తాళ్లు ఊడాలి, బస్తాలు మాత్రం చిరగకూడదు. నోట్లో వెన్నలా కరిగే ఆలుగడ్డ అంటే, ఒకదాన్నుంచి ఒకటి విడిపోయిన నిండు బస్తాలన్నమాట.

మరి మిక్సీ ఏం చేస్తుంది? హమాలీ కొక్కెం పొరపాటున బస్తాకు తగిలితే ఏమవుతుందో మీకు తెలుసు. మిక్సీ బ్లేడు నిమిషానికి వేలసార్లు తగిలే కొక్కెం. ప్రతి బస్తా చిరిగి, లోపలి అన్నమూ గంజీ అంతా బయటికొస్తుంది. పోస్టర్లు అంటించడానికి మైదా ఎలా ఉడకబెడతారు? అదే జిగురు ఇక్కడ మన గిన్నెలో తయారవుతుంది. తర్వాత ఎంత వెన్న వేసినా పోదు.

కత్తితో కోసినా కొన్ని బస్తాలు తెగుతాయి. అందుకే ముక్కలు కోశాక నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఆ తెల్లటి నీళ్లన్నీ చిరిగిన బస్తాల్లోంచి కారిన పిండే.

(పులుసు గిన్నె చూపించాలి.)

ఇంకో మాట. పులుసులో వేసిన ఆలుగడ్డ ముక్క ఎంతసేపు ఉడికినా గట్టిగా ఉంటుంది, గమనించారా? చింతపండు పులుపు తగిలితే తాళ్లు త్వరగా వదలవు, ముళ్లు ఇంకా బిగుసుకున్నట్టే ఉంటాయి. నీళ్లలో సున్నం ఎక్కువున్నా అంతే. మా బోరు నీళ్లతో పప్పే ఉడకదు, అందుకే దీనికి నేను తాగే నీళ్లే వాడతాను. నిమ్మరసం, టమాటా లాంటివేవీ ఉడికేటప్పుడు దగ్గరికి రానివ్వకండి.

ఆలుగడ్డ ఎంపిక. బొటనవేలితో రుద్దితే పొట్టు ఊడొచ్చే కొత్త గడ్డ దీనికి పనికిరాదు, అందులో నీరెక్కువ, పిండి తక్కువ. కాస్త ముదిరినది తీసుకోండి. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన గడ్డ ఒక్కోసారి తియ్యగా ఉంటుంది. చలికి లోపలి పిండి కొంత చక్కెరగా మారుతుంది మరి. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టినా అదే జరుగుతుంది, దయచేసి పెట్టకండి.

ఇక వండటం. కిలో ఆలుగడ్డ, పెద్ద ముక్కలు, ఉప్పు వేసిన చల్లటి నీళ్లు. మరిగే నీళ్లలో వేస్తే పైన బస్తాలు చితికిపోయేసరికి నడుమ ఉన్నవి ఇంకా పచ్చిగానే ఉంటాయి. కుక్కర్ వద్దని నేను చెప్పను, కానీ లోపల ఏం జరుగుతుందో కనపడదు. ఇరవై మంది భోజనానికి నాకు ఆ టెన్షన్ వద్దు. కత్తి మొన సులువుగా దిగగానే నీళ్లు వంపేసి, అదే గిన్నెను సన్నటి మంట మీద రెండు నిమిషాలు పెట్టి తడి ఆరనివ్వండి.

మెదపడానికి పప్పుగుత్తి చాలు. పప్పును తిప్పినట్టు తిప్పకండి, పైనుంచి కిందికి నొక్కండి. ఇంకా మంచిది, మీ ఇంట్లో మురుకుల గొట్టం ఉంటుంది కదా? సన్న కారప్పూస బిళ్ల పెట్టి వేడివేడి ఆలుగడ్డను వత్తండి. అమెరికాలో మనవాళ్లు థాంక్స్‌గివింగ్‌కు డబ్బులు పెట్టి కొనే రైసర్ చేసే పని కూడా ఇదే. నా దృష్టిలో మురుకుల గొట్టాన్ని మించింది లేదు.

(గొట్టంలోంచి ఆలుగడ్డ సన్నటి దారాల్లా పడుతుండాలి.)

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. ముందు వెన్న, కిలోకు 100 గ్రాములు. పారిస్‌లో 1980ల్లో ఈ ఒక్క వంటకంతో పేరు తెచ్చుకున్న జోయెల్ రొబుషాన్ కిలోకు 250 గ్రాములు వేసేవారు, అది మీ ఇష్టం. తర్వాత వేడి పాలు ఒక గ్లాసు, కొంచెం కొంచెంగా. బర్రె పాలైతే రుచి ఇంకా చిక్కగా ఉంటుంది. చల్లటి పాలు వద్దు, ముద్ద బిగుసుకుంటుంది. మిరియాల పొడి, ఉప్పు. పసుపూ పోపూ వేస్తే మంచి కూరే అవుతుంది కానీ ఇది కాదు.

పండగనాడు ముందే చేసి పెట్టుకోవాలంటే, గిన్నెను వేడి నీళ్లున్న ఇంకో గిన్నెలో ఉంచి మూత పెట్టండి, గంటసేపు బాగుంటుంది. ఇప్పటికే ఎవరైనా మిక్సీకి వేసేసి ఉంటే పారబోయకండి. శనగపిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి, బిళ్లలు చేసి పెనం మీద ఎర్రగా కాల్చండి. ఆ జిగురే బిళ్ల విరగకుండా పట్టి ఉంచుతుంది.