సంచి సర్దే చేతుల మాట

శ్రోతలకు నమస్కారం.

విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల పాతకాలపు పచారీ కొట్లు ఉన్నాయి, కాస్త అవతలికి వెళితే చల్లగాలి యంత్రాలు పెట్టిన సూపర్ మార్కెట్లూ ఉన్నాయి. ఈ మధ్య రెండు చోట్లా ఒక కొత్త పని వచ్చి చేరింది. మనం ఇంట్లో కూర్చుని ఫోనులో సరుకులు ఎంచుకుంటాం. కొట్టులో వాటిని సర్ది ఉంచుతారు. వీలు చూసుకుని వెళ్లి సంచి తెచ్చుకుంటాం. ఇందులో కొనేవారికి ఎంత సుఖం ఉందో ప్రకటనలు చెబుతూనే ఉన్నాయి. ఆ సంచి సర్దేవారు ఏమనుకుంటున్నారో నేను అడిగి తెలుసుకున్నాను. ఈ పూట ఆ మాటలే మీ ముందు పెడతాను.

వారిలో ఈ పద్ధతి వద్దన్నవారు దాదాపు లేరు. ఒక పెద్ద వయసు గుమాస్తా అయితే నవ్వేశారు. ఉదయం చీటీ ఇచ్చి వెళ్లడం, సాయంత్రం వచ్చి సరుకులు పట్టుకెళ్లడం తాను కుర్రవాడిగా ఉన్నప్పటినుంచీ చూస్తున్నదేనట. చీటీ ఫోనులోకి ఎక్కింది, అంతే. కానీ ఆయన కూర్చునేది చిన్న కొట్టులో. పప్పుల డబ్బాలు ఎడమచేతి వైపు, నూనె కుడి వైపు, తూకం ఎదురుగా. నాలుగడుగులు వేస్తే సంచి నిండుతుంది.

సూపర్ మార్కెట్లో సంగతి వేరు. కొనేవారే బుట్ట పట్టుకుని తిరిగి ఏరుకునే పద్ధతికి పేరు తెచ్చింది 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ తెరిచిన పిగ్లీ విగ్లీ అనే దుకాణం. అంతకుముందు అక్కడా గుమాస్తాలే సరుకులు తీసి ఇచ్చేవారు. ఆ కొత్త పద్ధతితో సరుకులు ఏరే శ్రమ జీతగాడి నుంచి కొనేవారి మీదికి మారింది. పైగా, మనం ఎంత ఎక్కువ తిరిగితే అంత ఎక్కువ కొంటామని కనిపెట్టి, బియ్యం, పప్పు, నూనె చిట్టచివర పెట్టడం వ్యాపారులకు అలవాటైంది. కందిపప్పు కోసం బయలుదేరినవారు బిస్కెట్లు, చాక్లెట్లు, ప్లాస్టిక్ డబ్బాల మీదుగా నడవాల్సిందే.

ఇప్పుడు ఫోను ఆర్డరుతో ఏరే పని మళ్లీ జీతగాడి దగ్గరికి వచ్చింది. కొట్టు అమరిక మాత్రం మారలేదు. ఉప్పు ఒక మూల, చోడిపిండి ఇంకో మూల, పెరుగు ఫ్రిజ్‌లో. కొనేవారిని తిప్పడానికి వేసిన దారుల్లో ఇప్పుడు సంచి సర్దే అమ్మాయి తిరుగుతోంది. పెద్ద నగరాల్లో నిమిషాల మీద సరుకులు అందించే కంపెనీలు జనం అడుగుపెట్టని గోదాములు పెట్టుకుని, బాగా అమ్ముడయ్యేవి చేతికందేలా సర్దుకున్నాయి. మన ఊరి సూపర్ మార్కెట్లో ఆ అమ్మాయి ఆర్డరూ సర్దాలి, ఖాళీ అయిన అరలూ నింపాలి, మధ్యలో ఎవరైనా వచ్చి అగరుబత్తులు ఎక్కడమ్మా అంటే వెళ్లి చూపించాలి. ఇవన్నీ చేస్తున్నా, జీతం చీటీలో ఆమె ఇప్పటికీ అరలు సర్దే మనిషే.

ఇక కంప్యూటరు లెక్క. నాలుగు పొట్లాలు ఉన్నాయని తెర చెబుతుంది. అర దగ్గరికి వెళితే ఒక్కటీ ఉండదు. ఒకటి చిరిగిపోయి పక్కన పడేసి ఉంటుంది, ఒకటి ఎవరి బుట్టలోనో తిరుగుతూ ఉంటుంది, మిగతావి ఏమయ్యాయో దేవుడికే తెలియాలి. అప్పుడు కొన్నవారికి ఫోను చేయాలి. వారు ఎత్తరు. బదులుగా వేరే కంపెనీ పొట్లం పెడితే ఇదెవరు అడిగారంటారు, పెట్టకపోతే సగం సరుకే ఇచ్చారంటారు. రెండింటికీ మాట పడేది సర్దిన మనిషే.

గడువు తేదీల పేచీ మరొకటి. పాత సరుకు ముందు, కొత్త సరుకు వెనక పెట్టాలన్నది కొట్టు నియమం. మనమేమో చెయ్యి లోపలికంటా చాచి వెనక పొట్లమే లాక్కుంటాం (నేనూ అంతే). ఫోను ఆర్డరులో ఆ చెయ్యి మనది కాదు. ముందున్నదే తియ్యమని యజమాని, తాజాది కావాలని కొనేవారు. ఆన్‌లైన్‌లో అమ్మి ఇంటికి చేర్చే ఆహార పదార్థాలకు అందేనాటికి కనీసం 30 శాతం గడువు గాని, 45 రోజుల గడువు గాని మిగిలి ఉండాలని కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2024 నవంబరులో ఆ వ్యాపార సంస్థలకు సూచించింది. మంచి సూచనే. దాన్ని పాటించాలంటే ఎవరో ఒకరు ప్రతి పొట్లాన్నీ తిప్పి చిన్న అక్షరాలు చదవాలి. ఆ తీరిక సర్దేవారికి ఎవరిస్తున్నారు?

కూరగాయల దగ్గర మాత్రం వారి గొంతులో గర్వం వినిపించింది. లేత బీరకాయలు పెట్టమని, పులుసుకు పనికొచ్చే ముదురు ఆనపకాయ కావాలని కొందరు ఆర్డరు కింద రాస్తారట. ఒక సోదరి బీరకాయ ఈనె మీద బొటనవేలు నొక్కి చూపించారు. ఈనె మెత్తగా లొంగితే లేత, గట్టిగా తగిలితే ముదురు. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఇంట్లో వంట చేసే చెయ్యికి తెలిసిన విద్య. ఆమె ఏరినవే కావాలని అడిగేవారు కూడా ఉన్నారు.

సంచి అప్పగించేటప్పుడు జరిగే చిత్రాలు మరికొన్ని. కొడుకు బెంగళూరులో కూర్చుని ఆర్డరు పెట్టి డబ్బు కడతాడు. తండ్రి సైకిలు మీద వచ్చి కౌంటరు ముందు నిలబడతాడు. ఓటీపీ కొడుకు ఫోనుకు వెళుతుంది. కొడుకు ఏదో మీటింగులో ఉంటాడు. ఎదురుగా ఉన్నది ఎవరో తెలుసు, సంచి ఎవరిదో తెలుసు, అయినా అంకెలు చెప్పనిదే ఇవ్వకూడదు. ఆ పెద్దాయనకు స్టూలు వేసి కూర్చోబెట్టి, తాను నిలబడే ఉంటాడు కౌంటరులోని కుర్రవాడు. అన్నట్టు, కొట్టు పనివారికి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించుకున్నాయి. ఆ కబురు చెబితే ఇక్కడివారు ఆశ్చర్యపోయారు.

ఆరు గంటలకు వస్తామని తొమ్మిదింటికి వచ్చేవారి సంచులు ఇంకో సమస్య. పెరుగు, పాలు తీసి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాలి, వచ్చాక మళ్లీ వెతకాలి. ఇక పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు చెప్పనక్కర్లేదు. అమ్మవారి గుడికీ కోటకూ మధ్య సిరిమాను తిరిగే వేళ, ఆ దారిలో బండి కాదు కదా, మనిషి కదలడమే కష్టం. ఆర్డర్లు తీసుకునే ఫోనుకు ఆ సంగతి తెలియదు. సంచులన్నీ సర్ది రాత్రిదాకా కాపలా కాశామని చెప్పారు.

బిల్లు కొట్టే కౌంటరులోని అమ్మాయిల ఆలోచన మరో రకం. చిల్లర గొడవ తగ్గినందుకు సంతోషమే. అందరూ ఫోనులోనే డబ్బు కడితే తమ కుర్చీ ఎన్నాళ్లుంటుందన్న దిగులూ ఉంది. ఆ దిగులు తీర్చే మాట నా దగ్గర లేదు, వారి యజమాని దగ్గరా ఉన్నట్టు లేదు.

పనివారిలో ఒకరు యజమానికి ఒక సలహా ఇచ్చారట. రోజూ ఆర్డర్లలో వచ్చే పప్పు, ఉప్పు, నూనె, సబ్బుల్లాంటివి వెనక గుమ్మం దగ్గర ఒకే అరలో విడిగా పెడితే నడక సగం తగ్గుతుందని. యజమాని ఒప్పుకోలేదు. అన్నీ ఒకచోట పెడితే మిగతా సరుకు ఎవరు చూస్తారన్నది ఆయన అభ్యంతరం. ఫోనులో కొన్నవారు ఎలాగూ కొట్టులోకి రారు. తిరిగేది ఆయన దగ్గర జీతం తీసుకునే మనిషే. దారిలో ఉన్న బిస్కెట్లు ఆ మనిషి కొనబోదు కదా.

సెలవు.