కాంటాక్ట్ లెన్సు కంట్లో ఏం చేస్తుంది?

అందరికీ నమస్కారం. సైటు ఉన్న పిల్లలు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. లెన్సులు పెట్టుకోవాలనుకునేవాళ్ళూ ఉండే ఉంటారు. అందుకని అవి పనిచేసే తీరు చెప్తాను.

వెలుగును వంచే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు కంటి ముందున్న పారదర్శకమైన పొర, అంటే కార్నియాదే. దానిమీద ఎప్పుడూ పలచటి కన్నీటి పొర ఉంటుంది. గాలిలోంచి వచ్చిన వెలుగు బాగా వంగేది అక్కడే. దూరం కనపడనివాళ్ళకు ఆ వెలుగు కంటి లోపల వెనకున్న తెరను, అంటే రెటీనాను చేరకముందే ఒకచోట కలుస్తుంది. మైనస్ లెన్సు కన్నీటి పొరమీద కూర్చుని, వెలుగును కాస్త విప్పి లోపలికి పంపుతుంది. దాంతో బొమ్మ రెటీనా మీదే పడుతుంది.

కళ్ళజోడు కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ కాస్త దూరానికే పవర్ మారిపోతుంది. కళ్ళజోడులో మైనస్ 10 ఉన్నవారికి లెన్సులో మైనస్ 9 చాలు. పైగా లెన్సు వంపు కంటికి కుదరాలి. కళ్ళజోడు చీటీతో లెన్సులు కొనొద్దనేది అందుకే.

ఈ వైద్యంలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది కెరటోకోనస్. ఆ జబ్బులో కార్నియా పలచబడి శంకువులా ముందుకొస్తుంది. కళ్ళజోడు ఎన్నిసార్లు మార్చినా అక్షరాల పక్కన నీడలు పోవు. గట్టి లెన్సు పెడితే దాని వెనక ఎగుడుదిగుళ్ళను కన్నీరు నింపేస్తుంది. వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకెను వక్రీభవన గుణకం అంటారు. కన్నీటికి అది 1.336, కార్నియాకు 1.376. రెండూ అంత దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఆ వంకరలు చాలావరకు వెలుగుకు అడ్డు రావు. జబ్బు నయం కాదు, కానీ ఎదుటి మనిషి ముఖం తేటగా కనిపిస్తుంది.

ఇక మెత్తటి లెన్సు. 1961 క్రిస్మస్‌కు చెకోస్లొవేకియా రసాయన శాస్త్రవేత్త ఒటో విఖ్టెర్లే, పిల్లలాడుకునే మెర్కుర్ సెట్టు ముక్కలకు సైకిల్ డైనమో తగిలించి, ఇంట్లోనే వాటిని తయారుచేశాడు. నీళ్ళు పీల్చుకుని మెత్తబడే ప్లాస్టిక్ అది. కంటికి హాయినిచ్చే ఆ గుణంతోనే జాగ్రత్త. కుళాయి నీళ్ళలో అకాంథమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది లెన్సుకు అంటుకుని కార్నియాలోకి చేరితే చూపే పోవచ్చు. కాబట్టి లెన్సును, డబ్బాను నీళ్ళతో కడగొద్దు. లెన్సులతో స్నానం, ఈత వద్దు. డబ్బాలో లెన్సును నానబెట్టిన నిన్నటి సొల్యూషన్ పారబోసి కొత్తది పోయండి.

రాత్రి తీసేసి పడుకోండి. కార్నియాలో రక్తనాళాలుండవు, ఆక్సిజన్ ఎక్కువగా గాలి నుంచే అందాలి. రెప్పలు మూస్తేనే అది తగ్గుతుంది, పైన లెన్సు కూడా ఉంటే ఇంకా తగ్గుతుంది.

కన్ను ఎర్రబడి నొప్పెడుతున్నా, వెలుగు చూడలేకపోతున్నా వెంటనే లెన్సు తీసేసి అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. తీసిన లెన్సునూ డబ్బానూ కూడా పట్టుకెళ్ళండి. ఇన్‌ఫెక్షన్‌కు కారణమైన క్రిమి ఏదో వాటిని పరీక్షిస్తే తెలియవచ్చు.