జాక్ జాన్సన్‌ని ఇప్పటి రింగులో నిలబెడితే

అందరికీ నమస్కారమండి. 1908లో చాంపియన్ అయిన నల్లజాతి బాక్సర్ జాక్ జాన్సన్ లాంటి పాతకాలంవాళ్ళు ఇప్పటి రింగులో నిలబడతారా అన్నదే టాపిక్, మీకు ముందే చెప్పారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్ళిపోతాను. 1967లో అమెరికాలో ఒక రేడియో ప్రొడ్యూసర్, బాక్సింగ్‌లో అందరికంటే బరువైన విభాగం, అంటే హెవీవెయిట్‌లో అన్ని కాలాల చాంపియన్ల వివరాలూ కంప్యూటర్లో వేసి, వాళ్ళలో వాళ్ళకి ఒక టోర్నమెంట్ పెట్టి, ఫలితాల్ని నిజం ఫైట్ లాగా రేడియోలో కామెంటరీ చెప్పించాడు. అందులో ముహమ్మద్ అలీ క్వార్టర్ ఫైనల్లోనే ఓడిపోయాడు, అదీ ఎవరి చేతిలో అంటే 1905లోనే రిటైర్ అయిపోయిన జిమ్ జెఫ్రీస్ చేతిలో. అలీకి ఒళ్ళు మండి కోర్టుకెళ్ళాడు. వెళ్ళడా మరి, అప్పటికి ప్రొఫెషనల్‌గా నిజం రింగులో ఒక్కసారి కూడా ఓడలేదు, పైగా ఆ ఏడాదే ఆర్మీలో చేరనన్నందుకు టైటిల్ లాగేసుకున్నారు, దానిమీద ఇదొకటి.

ఎవరు గెలుస్తారు అనే గొడవ అప్పటిది కాదు, ఇప్పటితో అయిపోయేదీ కాదు. నేనూ చిన్నప్పటినుంచి ఫ్రెండ్స్‌తో గంటలు గంటలు వాదించినవాణ్నే. కానీ పాత ఫైట్లు చూసేకొద్దీ నాకు అనిపించింది ఏంటంటే, మనం ఫలానావాడు గొప్ప అనేముందు అసలు వాడు ఏ ఆట ఆడాడు, ఎవరితో ఆడాడు, ఎవరితో ఆడలేదు అని చూడాలి. ముఖ్యంగా ఎవరితో ఆడలేదు అన్నది.

ముందు ఈ గ్లోవ్ చూడండి, ముందు వరుసలోవాళ్ళు పట్టుకుని వెనక్కి పంపించండి. ఇది పది ఔన్సులు, ఇవాళ హెవీవెయిట్లు వేసుకునేది ఇదే. 1892లో న్యూ ఆర్లీన్స్‌లో అప్పటి చాంపియన్ జాన్ ఎల్ సలివాన్‌ని జిమ్ కార్బెట్ 21వ రౌండులో పడగొట్టినప్పుడు వేసుకున్నవి ఐదు ఔన్సులు, అంటే మీ చేతిలో ఉన్నదాంట్లో సగం. పిడికిలి ముందు వేలితో నొక్కి చూడండి, ఎంత మెత్తగా ఉందో, ఇందులో సగం తీసేస్తే ఎముక మీద ఏం మిగులుతుంది చెప్పండి. అలాంటి గ్లోవ్‌తో తలమీద గట్టిగా కొడితే ఎదుటివాడి నుదురు కంటే ముందు మన చెయ్యి విరుగుతుంది. అందుకే వాళ్ళు ఆచితూచి కొట్టేవాళ్ళు, పొట్టమీద ఎక్కువ కొట్టేవాళ్ళు. 1897లో బాబ్ ఫిట్జ్‌సిమన్స్ కార్బెట్‌ని పడేసింది కూడా పొట్ట మీద పంచ్‌తోనే, 14వ రౌండులో. కాంబినేషన్లు, అంటే వరసగా నాలుగైదు పంచ్‌లు, వెయ్యట్లేదేంటి, చేతకాదా అని కొత్తగా చూసేవాళ్ళు అంటుంటారు, చేతకాక కాదండి, చెయ్యి కాపాడుకోవాలి గనక.

ఇంకోటి, రౌండ్లు. సలివాన్ 1889లో జేక్ కిల్‌రెయిన్‌తో గ్లోవ్స్ లేకుండా 75 రౌండ్లు ఆడాడు, మిసిసిపీ రాష్ట్రంలో జూలై ఎండలో, రెండు గంటలపైన. అయితే అప్పటి పద్ధతిలో మనిషి కిందపడితే రౌండ్ అయిపోయినట్టే కాబట్టి 75 అనగానే 75 మూళ్ళు 225 నిమిషాలు అని లెక్కేసెయ్యకండి. క్వీన్స్‌బెరీ రూల్స్ అని గ్లోవ్స్‌తో ఆడే పద్ధతి వచ్చాక మూడు నిమిషాల రౌండు, నిమిషం రెస్టు. జాన్సన్ కాలంలో పెద్ద ఫైట్లు 45 రౌండ్లకి కూడా పెట్టేవాళ్ళు. ఇప్పుడు ప్రొఫెషనల్ టైటిల్ ఫైటు 12 రౌండ్లు, అమెచ్యూర్లో ఇంకా తక్కువ, మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్లో వరల్డ్ చాంపియన్ అయ్యింది మూడేసి నిమిషాల మూడు రౌండ్లలో, అక్కడ మొదటి సెకను నుంచీ పరిగెత్తాల్సిందే. 45 రౌండ్లు ఆడాల్సినవాడు అలా పరిగెత్తితే పదో రౌండుకి పడిపోతాడు. కాబట్టి పాతవాళ్ళు నింపాదిగా ఉన్నారంటే దాన్ని బద్ధకం అనుకోకూడదు.

ఫిల్ముల సంగతి కూడా చెప్పాలి. అప్పటి కెమెరాలు చేత్తో తిప్పేవి, సెకనుకి ఇప్పటికంటే తక్కువ ఫ్రేములు పడేవి, దాన్ని ఇప్పటి స్పీడులో వేస్తే మనుషులు కీలుబొమ్మల్లా గబగబా ఎగురుతుంటారు, చూసి జనం నవ్వుతారు. స్పీడు సరిచేసి చూస్తే అప్పుడు తెలుస్తుంది, పాదాలు ఎక్కడ పెడుతున్నాడు, భుజం ఎలా తిప్పుతున్నాడు అన్నీ.

సైజు విషయం మాత్రం నేను పాతవాళ్ళ తరఫున మాట్లాడను. ఫిట్జ్‌సిమన్స్ కార్బెట్‌ని గెలిచినప్పుడు బరువు 76 కేజీలు, ఇప్పటి లెక్కలో హెవీవెయిట్ కంటే చాలా కింది విభాగం, సూపర్ మిడిల్‌వెయిట్. తర్వాతి కాలం చాంపియన్లు డెంప్సీ 85, మార్సియానో 84 దగ్గర, వీళ్ళిద్దరూ ఇవాళ హెవీవెయిట్ కింద ఉండే క్రూజర్‌వెయిట్లో ఆడతారు. 1919లో డెంప్సీ 111 కేజీల చాంపియన్ విల్లార్డ్‌ని మొదటి రౌండులోనే ఏడుసార్లు పడేశాడు కదా అంటారు, నిజమే, కానీ అప్పుడు పడ్డవాడి పక్కనే నిలబడి, లేస్తుండగానే మళ్ళీ కొట్టొచ్చు. పడేసినవాడు ఎవరిదీ కాని మూలకి, అంటే న్యూట్రల్ కార్నర్‌కి వెళ్ళాలి అనే రూల్ వచ్చాక 1927లో టన్నీని పడేసినప్పుడు అదే డెంప్సీ వెంటనే వెళ్ళలేదు, దాంతో రిఫరీ లెక్క ఆలస్యంగా మొదలై టన్నీ తేరుకుని లేచాడు, ఫైటూ గెలిచాడు. అలాగని సైజే సర్వం అనలేం, 2024లో ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ తనకంటే పద్దెనిమిది కేజీలు ఎక్కువున్న ఫ్యూరీని గెలిచాడు. కానీ ఉసిక్ కూడా వంద కేజీలు దాటినవాడే, 76 కేజీలవాడు కాదు. సలివాన్‌ని, ఫిట్జ్‌సిమన్స్‌ని తీసుకొచ్చి ఇప్పటి హెవీవెయిట్ ముందు నిలబెట్టడం అన్యాయం, నేనైతే నిలబెట్టను.

ఇప్పుడు అసలు సంగతి. సలివాన్ నల్లవాళ్ళతో ఆడనని బహిరంగంగా చెప్పాడు. పీటర్ జాక్సన్ అని గొప్ప బాక్సర్, 1891లో కార్బెట్‌తో 61 రౌండ్లు సమానంగా ఆడినవాడు, అతనికి టైటిల్ చాన్స్ ఎవ్వరూ ఇవ్వలేదు. జెఫ్రీస్ చాంపియన్‌గా ఉన్నన్నాళ్ళూ నల్లవాళ్ళకి ఇవ్వలేదు, ఓడకుండానే రిటైర్ అయ్యాడు, అందరూ ఆహా అన్నారు. డెంప్సీ కాలంలో హ్యారీ విల్స్ ఏళ్ళతరబడి ఎదురుచూశాడు, ఆ ఫైటు జరగనేలేదు. అన్నిటికంటే నాకు బాధేసేది శామ్ లాంగ్‌ఫర్డ్ గురించి. ఐదడుగుల ఏడంగుళాల మనిషి, లైట్‌వెయిట్ నుంచి హెవీవెయిట్ దాకా ఎవరొస్తే వాళ్ళతో ఆడాడు, చాన్స్ ఇవ్వరు కాబట్టి నల్లవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మళ్ళీ మళ్ళీ ఆడాల్సి వచ్చేది, విల్స్‌తోనే పదిహేను సార్లకి పైగా ఆడాడు, చివరికి చూపు పోతున్నా ఆడాడు. 1944లో ఒక జర్నలిస్టు వెతుక్కుంటూ వెళ్తే న్యూయార్క్ హార్లెమ్‌లో కళ్ళు కనపడకుండా, చేతిలో డబ్బుల్లేకుండా ఉన్నాడు. ఆయన పేరు చాంపియన్ల లిస్టులో లేదు. మరి ఆ లిస్టు పట్టుకుని మనం ఏ కాలం గొప్పది అని ఎలా తేలుస్తాం చెప్పండి.

జాక్ జాన్సన్ అంటే నాకు ప్రాణం, అయినా ఈ మాట చెప్పి తీరాలి. 1906లో లాంగ్‌ఫర్డ్‌ని 15 రౌండ్లలో గెలిచాడు, అప్పటికి లాంగ్‌ఫర్డ్ చాలా తేలిక మనిషి. 1908లో సిడ్నీలో టామీ బర్న్స్‌ని కొట్టి చాంపియన్ అయ్యాక, లాంగ్‌ఫర్డ్ అదే పనిగా అడుగుతున్నా టైటిల్ కోసం ఒక్కసారి కూడా చాన్స్ ఇవ్వలేదు. తలుపు బద్దలుకొట్టుకుని లోపలికొచ్చినవాడే తన వెనకున్నవాడికి తలుపేశాడు. ఇది ఆయన గొప్పతనంలోంచి తీసెయ్యాల్సిన భాగమే, నేను తీసేసే చూస్తాను.

తీసేశాక కూడా ఎంత మిగులుతుందో చూడండి. 1910 జూలై 4, అమెరికాలో రెనో అనే ఊరు. ఓడని జెఫ్రీస్‌ని వంద పౌండ్ల దాకా బరువు తగ్గించి మరీ లాక్కొచ్చారు, తెల్లవాళ్ళ పరువు నిలబెట్టమని. కార్బెట్ జెఫ్రీస్ కార్నర్‌లో నిలబడి జాన్సన్‌ని బూతులు తిడుతున్నాడు, జాన్సన్ కొడుతూనే అతనికి సమాధానం చెప్తున్నాడు. 15వ రౌండులో అయిపోయింది. నేను మంచి వయసులో ఉన్నప్పుడైనా ఇతన్ని గెలిచేవాణ్ని కాదని జెఫ్రీసే తర్వాత ఒప్పుకున్నాడు. ఆ రాత్రి అమెరికాలో చాలా ఊళ్ళల్లో గొడవలు జరిగి నల్లవాళ్ళని చంపారు, ఆ తర్వాత 1912లో ఫైట్ ఫిల్ములు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళకూడదని చట్టమే చేశారు.

నన్నడిగితే, 94 కేజీల జాన్సన్‌కి ఇప్పటి ట్రైనింగు, ఇప్పటి తిండి ఇస్తే ఏ కాలంలోనైనా నిలబడతాడు. లెనాక్స్ లూయిస్ లాంటి పొడుగువాళ్ళ జాబ్ దగ్గర, అంటే ముందుచేత్తో సూటిగా వేసే పంచ్ దగ్గర, దూరంనుంచి ఆడేవాళ్ళ దగ్గర ఇబ్బంది పడతాడు, పైగా ఇప్పటి రిఫరీ ఒకళ్ళనొకళ్ళు పట్టుకునే క్లించ్‌ని వెంటనే విడదీస్తాడు కాబట్టి ఆయన సగం విద్య పనికిరాకుండా పోతుంది. కానీ దగ్గరికొచ్చి కొట్టేవాళ్ళు, ఫ్రేజియర్, కుర్ర టైసన్ లాంటివాళ్ళు ఉన్నారే, వాళ్ళకి మాత్రం జాన్సన్‌తో రాత్రి చాలా పొడుగ్గా ఉంటుంది.

ఎందుకన్నానో ఇప్పుడు చూపిస్తాను, లైట్లు తియ్యండి బాబూ. రెనో ఫైటే, స్పీడు సరిచేసి పెట్టాను. జాన్సన్ కుడిచెయ్యి వదిలేయండి, ఎడమచెయ్యి చూడండి, గ్లోవ్ తెరిచి జెఫ్రీస్ కండమీద ఊరికే అలా ఆనించి ఉంచుతాడు, జెఫ్రీస్ కొడదామని భుజం కదిపినప్పుడల్లా ఆ చెయ్యి మెల్లగా నొక్కుతుంది, పంచ్ పుట్టకముందే ఆగిపోతుంది. వెనకవాళ్ళు కాస్త ముందుకి జరగండి, ఇక్కడినుంచైతే బాగా కనపడుతుంది.