ముందు సమతాస్థితి, ఆ తర్వాతే సూత్రం
(తిరుపతిలో ఇంటర్మీడియట్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చిత్తూరు, పీలేరు, శ్రీకాళహస్తి వైపు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చిన పిల్లలు చాలామంది ఉన్నారు. మీ సమయం విలువైనది. నేరుగా లెక్కలోకి వెళ్దాం.

ఈ బల్ల మీద ఒక స్టాండు, దానికి వేలాడే స్ప్రింగు, పక్కన స్కేలు ఉన్నాయి. స్ప్రింగుకు 200 గ్రాముల బరువు తగిలించి, అరచేతి మీద ఆనించి మెల్లగా దించుతున్నాను. చెయ్యి తీసేశాను. బరువు కదలడం లేదు. స్కేలు చూడండి, స్ప్రింగు 10 సెంటీమీటర్లు సాగింది. బరువు కిందికి లాగుతోంది, స్ప్రింగు అంతే బలంతో పైకి లాగుతోంది. ఇదే సమతాస్థితి. స్ప్రింగు లెక్క ఏది ఇచ్చినా మీ పెన్సిలు మొదట గుర్తు పెట్టవలసిన చోటు ఇదే. స్థానభ్రంశం, అంటే బరువు జరిగిన దూరం, కొలవవలసింది ఇక్కడి నుంచే గాని, స్ప్రింగు సాగక ముందున్న కొన నుంచి కాదు. అలా కొలిస్తే గురుత్వాకర్షణ సమీకరణం నుంచి తనంతట తానే తప్పుకుంటుంది. మిగిలేది బరువును తిరిగి సమతాస్థితికి లాగే, స్థానభ్రంశానికి అనులోమంగా ఉండే పునఃస్థాపక బలం ఒక్కటే.

బరువును కాస్త లాగి వదిలితే పైకీ కిందికీ ఊగుతుంది. ఒక డోలనానికి పట్టే సమయాన్ని, అంటే ఆవర్తన కాలాన్ని, కట్టండి. ద్రవ్యరాశిని బల స్థిరాంకంతో, అంటే స్ప్రింగును ఒక మీటరు సాగదీయడానికి కావలసిన బలంతో, భాగించి, వర్గమూలం తీసి, రెండు పైలతో (2πతో) గుణించాలి. ఇది మీ అందరికీ కంఠస్థమే. బల స్థిరాంకం మీటరుకు 19.6 న్యూటన్లు, కాలం సుమారు 0.63 సెకన్లు. అయితే మరో దారి ఉంది. సాగిన పొడవును గురుత్వ త్వరణంతో భాగించి, వర్గమూలం తీసి, రెండు పైలతో గుణించినా అదే జవాబు వస్తుంది. ద్రవ్యరాశి తెలియకపోయినా, బల స్థిరాంకం తెలియకపోయినా, ఒక్క స్కేలుతో పని జరిగిపోతుంది.

ఇక్కడ ఆలోచించే విద్యార్థి ఒక ప్రశ్న వేయాలి. ఈ రెండో సూత్రంలో గురుత్వ త్వరణం ఉంది కదా, అయితే స్టాండును తిరుమలకు తీసుకెళ్తే కాలం మారుతుందా? తిరుపతికీ తిరుమలకూ దాదాపు 700 మీటర్ల ఎత్తు తేడా. ఇక్కడ సరిగ్గా నడిచే లోలకం గడియారం అక్కడ రోజుకు కొన్ని సెకన్లు వెనకబడుతుంది. స్ప్రింగు మాత్రం వెనకబడదు. పైన గురుత్వం ఏ నిష్పత్తిలో తగ్గుతుందో, స్ప్రింగు సాగడం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. భాగహారంలో రెండూ కొట్టుకుపోతాయి. ఈ గుణం ఎంత గొప్పదంటే, 1973లో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాముల ద్రవ్యరాశిని ఇలాగే కొలిచారు. త్రాసు పనిచేయని చోట మనిషిని స్ప్రింగుకు అమర్చిన కుర్చీలో కూర్చోబెట్టి, ఆవర్తన కాలాన్ని బట్టి ద్రవ్యరాశి కట్టారు.

ఇప్పుడు ఏటా ఎందరినో తికమక పెట్టే లెక్కకు వద్దాం. బరువును మళ్లీ పైకెత్తి, స్ప్రింగు ఏమాత్రం సాగని చోట పట్టుకున్నాను. ఈసారి దించను, ఒక్కసారిగా వదిలేస్తాను. ఎంత కిందికి వెళ్తుంది? కొందరు బలాలను సమానం చేసి 10 సెంటీమీటర్లు అంటారు. కొందరు శక్తి నిత్యత్వం వాడి 20 అంటారు. చూడండి, వదిలాను. కింది అంచు 20 దగ్గరికి వెళ్లింది.

మొదటి జవాబు ఎక్కడ దారి తప్పింది? అట్టడుగున బరువు ఒక క్షణం ఆగింది కాబట్టి అక్కడ ఫలిత బలం సున్నా అనుకున్నారు. వేగం సున్నా అయినంత మాత్రాన బలం సున్నా కాదు. అట్టడుగున స్ప్రింగు లాగే బలం బరువుకు రెండింతలు. బలాలు సమానమైన చోటు 10 దగ్గరే ఉంది, కానీ అక్కడ బరువు ఆగలేదు, అత్యధిక వేగంతో దూసుకుపోయింది. సమతాస్థితిని ముందే గుర్తించినవారికి ఈ లెక్కలో సమీకరణమే అక్కర్లేదు. వదిలిన చోటు దానికి 10 పైన, కాబట్టి కంపన పరిమితి, అంటే సమతాస్థితి నుంచి అంచుకు ఉన్న దూరం, 10, కాబట్టి అట్టడుగు దానికి 10 కింద. నోటితోనే చెప్పేయవచ్చు. ఇలాంటి ప్రశ్నకు శక్తి సమీకరణం రాస్తూ రెండు నిమిషాలు గడిపే పిల్లలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. వారికి రాక కాదు, బొమ్మ గీయమని ఎవరూ పట్టుబట్టకపోవడమే కారణం.

మరో రకం చెప్పి ముగిస్తాను. నునుపైన బల్ల మీద అడ్డంగా డోలనం చేస్తున్న దిమ్మె మీద అంతే ద్రవ్యరాశి ఉన్న మట్టి ముద్ద నిట్టనిలువుగా పడి అతుక్కుంది. దిమ్మె చివరి స్థానంలో క్షణం ఆగినప్పుడు పడితే కంపన పరిమితి మారదు, పోవడానికి అక్కడ గతిశక్తే లేదు. మధ్యలో వేగంగా పోతున్నప్పుడు పడితే ద్రవ్యవేగ నిత్యత్వం ప్రకారం వేగం సగమవుతుంది, కంపన పరిమితి దాదాపు 71 శాతానికి తగ్గుతుంది. ఆవర్తన కాలం మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకే విధంగా, మునుపటికి 1.41 రెట్లు అవుతుంది. ముద్ద ఎప్పుడు పడిందన్నది కాలానికి పట్టదు, పరిమితికి పడుతుంది.

ఇక మీ వంతు. ఈ స్ప్రింగును సరిగ్గా సగానికి కోసి, రెండు ముక్కలనూ పక్కపక్కన వేలాడదీసి, ఇదే 200 గ్రాములను రెండింటికీ కలిపి తగిలిస్తే ఆవర్తన కాలం ఎంత? జవాబు కాగితం మీద రాసుకుని ముందుకు రండి. కోసిన ముక్కలు నా సంచిలో ఉన్నాయి, స్టాప్‌వాచ్ మీ ఫోనులోనే ఉంది. ఇరవై డోలనాల కాలం కొలిచి, ఇరవైతో భాగించి సరిచూద్దాం.